అట్టగొట్టాల సద్వినియోగ విభాగం

ఒక దేశం ఎంత ముందుకు పోయిందో తెలియాలంటే అది తన ఖాళీ అట్టగొట్టాలను ఎలా చూసుకుంటుందో గమనిస్తే చాలు. ఆ లెక్కన బనగానపల్లె చుట్టుపక్కల పల్లెలు ఇప్పుడు ప్రపంచంలోనే మొదటి వరసలో ఉన్నాయి. అక్కడ గొట్టం గొట్టానికీ ఒక నంబరు ఉంది, ఒక ఫొటో ఉంది, బాగోగులు చూసే ఒక అధికారి ఉన్నాడు. (ఈ మూడూ ఉన్న మనుషులు ఆ పల్లెల్లో తక్కువే.)

అంతకుముందంతా అరాచకమే. ఆ అరాచకం పేరు కృపమణి.

కృపమణికి అర ఎకరా చేను, రోజుకు గంటన్నర మాత్రమే నీళ్లు పోసే బోరు, నాపరాయి గనిలో పనిచేసే భర్త హెన్రీ, డిగ్రీ చదివే కూతురు దీవెన ఉన్నారు. ఏటా నర్సరీ నుంచి టమోటా నారు తెచ్చేది. బస్సులో కుదుపులకు వేళ్లు కదిలి, నాటిన మర్నాడే ఎండ దెబ్బకు సగం మొక్కలు తలలు వాల్చేసేవి. ఒకరోజు ఫ్లెక్సీలు వేసే షాపు ముందు అట్టగొట్టాల కుప్ప ఆమె కంటబడింది. (మన నాయకుల పుట్టినరోజులకు లోటు లేదు కాబట్టి ఫ్లెక్సీలు చుట్టి వచ్చే గొట్టాలకూ లోటు లేదు.) అడిగితే ఊరికే ఇచ్చేశారు. వాటిని ఒక పూట నానబెట్టి, మందంగా ఉన్న పై పొరలు ఒలిచేసి, బ్లేడుతో బెత్తెడు ముక్కలు కోసింది. ఎర్రమట్టిలో మాగిన పెంట ఎరువు కలిపి నింపి, విత్తనాలు పెట్టింది. నెల తిరక్కముందే మొక్కను గొట్టంతో సహా చేలో పాతేయొచ్చు. వేళ్లకు చెయ్యి తగలదు. అట్ట మెల్లగా నాని మట్టిలో కలిసిపోతుంది. మొదటి ఏడు నూటికి తొంభై మొక్కలు బతికాయి. ఆమె చేసిన నేరమంతా ఇంతే.

ఈ ఏడు నాలుగు వందల పన్నెండు గొట్టాల్లో మొలకలు లేచాక దీవెన ముచ్చటపడి ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టింది. ఆ ఫొటో చేతులు మారి మారి కర్నూలులోని అట్టగొట్టాల సద్వినియోగ విభాగం దాకా పోయింది. ఆ విభాగం పుట్టి రెండేళ్లయినా పాపం ఒక్క గొట్టాన్ని కూడా సద్వినియోగం చేయలేకపోయింది. వాడిన గొట్టాలు దేనికదే ఒక కొలతలో ఉంటున్నాయని, తిరిగి వాడడానికి ఫ్యాక్టరీ నుంచి పదివేల కొత్త గొట్టాలు తెప్పించి గోదాములో పెట్టింది. (తిరిగి వాడాలంటే ముందొకసారి వాడి ఉండాలి కదా అని ఎవరో అడిగారు. ఆ ప్రశ్న ఇంకా పరిశీలనలో ఉంది.)

మర్నాడే శివశంకర్ స్కూటరు మీద వచ్చాడు. హోదా, మండల గొట్టాల పర్యవేక్షకుడు (ఇన్‌చార్జి). చేతిలో స్టిక్కర్ల కట్ట, ఫోన్లో ‘గొట్టం నేస్తం’ అనే యాప్. మనిషి మంచివాడే. మంచివాళ్లు లేకపోతే ఇలాంటి పనులు ముందుకు సాగవు.

"ఇవి యాడివమ్మా?" అన్నాడు.

"ఫ్లెక్సీల అంగట్లో పారేస్తాంటే తెచ్చుకున్న్యా సార్."

"మంచి పని చేసినావు. కానీ గొట్టం ఖాళీది అని రుజువు గావాల. ఒక పక్క నుంచి ఫొటో తీస్తే రెండో పక్క ఆకాశం కనపడాల. ఏడో నిబంధన."

"దాంట్లో మన్ను ఉండాది, మొక్క ఉండాది. ఆకాశం ఎట్ల కనపడుతాది సార్?"

"అదే నేనూ అడుగుతాండా," అన్నాడు శివశంకర్, తన ఫోనుతో.

గంటసేపు కర్నూలుతో మాట్లాడాక దారి దొరికింది. గొట్టంలో ఉన్నదాన్ని ‘తాత్కాలిక అడ్డంకి’ అని రాస్తే యాప్ ఒప్పుకుంటుంది. అలా నాలుగు వందల పన్నెండు టమోటా మొక్కలు రెండు రోజుల్లో తాత్కాలిక అడ్డంకులుగా నమోదయ్యాయి. పోతూ పోతూ శివశంకర్ గోడకు ఒక కాగితం అంటించాడు. తుది తనిఖీ జరిగేవరకు గొట్టాలను యథాస్థితిలో ఉంచవలెను.

"తనిఖీ ఎప్పుడు సార్?"

"త్వరలో అమ్మా."

(త్వరలో అనేది ప్రభుత్వ కాలమానం. అది ఏ కార్తెలో పడుతుందో పంచాంగంలో ఉండదు.)

విత్తనం పెట్టిన ఇరవై ఐదో రోజుకు వేళ్లు గొట్టాల అడుగు నుంచి బయటికి వచ్చి నేలను వెతుక్కోసాగాయి. ముప్పయ్యో రోజుకు కింది ఆకులు పసుపెక్కాయి. ఆ ఆదివారం చర్చిలో కృపమణి వాన కోసం ప్రార్థన చేసింది, సోమవారం వాన పడింది. దేవుడికి యథాస్థితి ఉత్తర్వు అందినట్టు లేదు.

ఆ ప్రాంతంలో అలాంటి వాన ఏడాదికి రెండు సార్లు పడితే గొప్ప. దున్ని పెట్టిన చేను మెత్తగా తడిసి ఎదురుచూస్తోంది. కృపమణి గోడ మీది కాగితం వైపు, మొక్కల వైపు మార్చి మార్చి చూసింది. ఆమెకు నిజంగానే భయం వేసింది. పుట్టి బుద్ధెరిగాక ఆఫీసు కాగితాన్ని ఆమె ఎప్పుడూ కాదనలేదు.

"గొట్టాలు వాళ్లవనుకో. మొక్కలు ఎవరివి?" అన్నాడు హెన్రీ, గడ్డపార భుజాన పెట్టుకుంటూ. "పదును పోతే మళ్ల రాదు. పా, నాటేద్దాం."

మధ్యాహ్నానికి నాటేశారు. అన్నిటినీ, గొట్టాలతో సహా.

వారం గడిచేసరికి మొక్కలు పచ్చగా తేరుకుని కొత్త చిగుళ్లు వేశాయి. పన్నెండో రోజు ఒకటి రెండింటికి మొగ్గ కనబడింది. కృపమణి పొద్దున్నే లేచి వాటిని ఊరికే చూసి వచ్చేది. ఆ సంతోషంలో ఉండగానే పదమూడో రోజు శివశంకర్ వచ్చాడు. మనిషి సగమయ్యాడు.

"ఏం చేసినావమ్మా! కొత్త ఫొటోలు లేవని నా ఫోన్లో నాలుగు వందల పన్నెండు ఎర్ర చుక్కలు వచ్చినాయి. గొట్టాలు యాడ?"

"ఈడనే ఉండాయి సార్, మొక్కల కింద. కాపు అయిపోయినాక తవ్వి చూసుకోండి."

"నంబరు కనపడేట్లు ఫొటో పెడితేనే చుక్క పచ్చగా అయితాది. సాయంత్రం లోపల పెట్టకుంటే నాకు మెమో ఇస్తారు. శాంపిలుకు ఒక్కటి చూస్తా, అంతే."

చిన్న పార తీసుకుని మొదటి మొక్కను చాలా సుతారంగా తవ్వాడు. అట్ట నాని, పొరలు పొరలుగా విడి, మట్టితో కలిసి అతని వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. ఫొటో తీశాడు. ‘గొట్టం స్పష్టంగా లేదు. తదుపరి గొట్టం చూపండి’ అంది యాప్. రెండోది తవ్వాడు. అదే మాట. మూడోది. ఇలా ఎంతవరకని అడగడానికి యాప్‌లో వీలు లేదు.

"సార్, మీకు దండం పెడతా, ఇడిసిపెట్టండి. కాయ పట్టే చెట్లు!"

"నాకు మాత్రం సంతోషమా అమ్మా? ఆడ కర్నూల్లో వాళ్లు చూస్తాండారు."

హెన్రీ గనిలో ఉన్నాడు, దీవెన కాలేజీకి పోయింది. కృపమణి బోరు దగ్గరికి పోయింది. ఒక చెంబు, బకెట్టు తెచ్చుకుంది. శివశంకర్ ముందు తవ్వుకుంటూ పోతుంటే, ఆమె వెనకే వంగి, అతను పక్కన పెట్టిన ప్రతి మొక్కనూ మళ్లీ గుంటలో నిలబెట్టి, మట్టి సర్ది, చెంబుతో నీళ్లు పోస్తూ పోయింది. మిట్టమధ్యాహ్నం ఎండ. ఏడవడానికీ తిట్టడానికీ ఆమెకు తీరిక లేదు. అతను ముగించేసరికి పొద్దు వాలింది. అతని చేతులకు బొబ్బలు లేచాయి. పోయేటప్పుడు ఒక చెంబెడు నీళ్లు అడిగి తాగి, గోడ మీది కాగితాన్ని తనే చింపేసి, స్కూటరు ఎక్కాడు.

తెల్లవారేసరికి ముప్పై ఏడు మొక్కలు నిలబడి ఉన్నాయి. మిగతావి నేలకు వాలిపోయాయి. కృపమణి గట్టు మీద కూర్చుని ముప్పై ఏడింటినీ రెండు సార్లు లెక్కపెట్టుకుంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మూడో రోజు విభాగం నుంచి తుది నివేదిక ఫోనుకు వచ్చింది. దీవెన చదివి వినిపించింది. నమోదైన గొట్టాలు, నాలుగు వందల పన్నెండు. లభించినవి, సున్న. నష్టం, నాలుగు వందల పన్నెండు అట్టగొట్టాలు.

"నష్టానికి కారణం ఏం రాసినారు?" అంది కృపమణి.

దీవెన తెరను కిందికి జరిపి చూసింది. అక్కడ ఒకే ఒక్క మాట ఉంది: మొక్కలు.