నేటి నుంచి కల్తీ లేదు

నిజాయితీ ఉన్నవాడు ఆ సంగతి ఎవరికి చెప్పుకోవాలి? ఈ ప్రశ్న వేసుకున్నప్పుడల్లా నాకు తెనాలి వరప్రసాదం గుర్తుకు వస్తాడు.

అతనిది పసుపు మర. దుగ్గిరాల యార్డులో కొమ్ములు కొని, ఆడించి, రేపల్లె, బాపట్ల కొట్లకు బస్తాలు పంపేవాడు. ఇరవై ఏళ్లలో చిటికెడు పిండి కలిపి ఎరగడు. అదొక గొప్ప అని కూడా అతనికి తెలియదు. బాపట్లలో గోపీనాథ్ అనే శిక్షకుడు సమర్థంగా, నీతిగా వ్యాపారం చేయడం ఎలాగో మూడు రోజులు బోధించాకే తెలిసింది.

సోమవారం ఉదయం వరప్రసాదం పథకం చిన్నదే. నీతి పాఠం ప్రకారం మర ముందు బోర్డు పెట్టించాడు: "నేటి నుంచి మా పసుపులో కల్తీ ఉండదు." సమర్థత పాఠం ప్రకారం దాన్ని ఫొటో తీసి, కొట్లన్నిటికీ ఒకేసారి వాట్సాప్‌లో పంపాడు.

టిఫిన్ ముగిసేలోగా రేపల్లె కొట్టు యజమాని కోటిబాబు ఫోన్ చేశాడు.

"బాబాయ్ గారూ, నేటి నుంచి ఉండదు, సరేనండి. నిన్నటిదాకా ఏం కలిపారు?"

"ఏమీ కలపలేదయ్యా!"

"కలపనోళ్లు మానేయడమేంటండి?"

ఈ ప్రశ్నకు మూడు రోజుల పాఠాల్లో జవాబు లేదు. శ్రావణ మాసం వారంలో పడుతోంది; ఆ నెల వాయినాల పసుపుతోనే మరకు ఏడాది గడవాలి. వరప్రసాదం కంగారుగా నోట్సు తిరగేశాడు. 'ఫిర్యాదు వస్తే వాదించరాదు, ముందు క్షమాపణ చెప్పవలెను.' చెప్పాడు, అందరికీ. తప్పేమిటో తెలియక, "జరిగినదానికి చింతిస్తున్నాం" అని ఊరుకున్నాడు. అంతవరకు అనుమానంలో ఉన్న బాపట్ల కొట్లకు నమ్మకం కుదిరింది. మధ్యాహ్నానికి ఆర్డర్లన్నీ రద్దయ్యాయి.

గోపీనాథ్‌కు ఫోన్ చేస్తే ఆయన శాంతంగా అన్నాడు: "సంక్షోభం నాలుగో రోజు పాఠమండి. మీరు మూడు రోజులకే చేరారు కదా."

"మొన్నటిదాకా మామూలు మనుషులమే," అంది మర ఆడించే భార్య కనకరత్నం. "మీరు చదువుకొచ్చి దొంగల్ని చేశారు."

మూడింటికి కోటిబాబు ట్రాలీ ఆటోలో దిగి, వీధి వీధంతా చూస్తుండగా బస్తాలు దింపించాడు.

"ఒక్కటీ ఉంచుకోలేదండి! మొత్తానికీ బదులు కొత్త పసుపు ఇవ్వాల్సిందే!"

కనకరత్నం వేలితో లెక్కపెట్టుకుంటూ అటు చివరిదాకా నడిచి వచ్చింది.

"మొన్న నలభై పంపాం కదా, కోటిబాబూ?"

"అవును పిన్నిగారూ, నలభై. చీటీ కూడా ఉందండి."

"ఇవి యాభై రెండున్నాయి. మా పసుపు మీ కొట్లో ఈనిందా?"

వీధి గొల్లుమంది. ఎవరో ఒక బస్తా మూతి విప్పి చిటికెడు తీసి నలిపారు. వేళ్ల మధ్య రంగు వేసిన బియ్యప్పిండి తేలింది.

"అదీ... తేమకి పొంగిందేమోనండి," అన్నాడు కోటిబాబు.

నీతిని గురించి నాలుగు మాటలు చెప్పడానికి వరప్రసాదం గొంతు సవరించుకున్నాడు.

"మీరు మాట్లాడకండి," అంది కనకరత్నం. "ఈ శ్రావణం రేపల్లెలో మన పసుపు మనమే అమ్ముదాం."

రేపటిదాకా ఆగలేదు. కొత్తగా ఆడించిన బస్తాలు పది అదే ట్రాలీలోకి ఎక్కించి, తాను డ్రైవరు పక్కన కూర్చుంది. రానూ పోనూ బాడుగ కోటిబాబు ముందే ఇచ్చి ఉన్నాడు.