రాక్ రెడ్డెప్ప మైకుకు వారసుడి నియామకం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల సంగీతాభిమానులకు తెలియజేయడమేమనగా, ‘రాక్ రెడ్డెప్ప అండ్ పార్టీ’ బ్యాండు ప్రధాన గాయకుడు శ్రీ రెడ్డెప్ప 1984 మార్చి నెలలో పచ్చకామెర్లతో కాలం చేసినందున, ఆయన నిలబడిన మైకు ఖాళీ పడింది. ఖాళీ పడిన చోటును అర్హత చూసి నింపే అలవాటు మనకు లేదు గనుక, ఏం చేయాలో తేల్చే బాధ్యతను అభిమానులు తమ భుజాల మీద వేసుకున్నారు.

రెడ్డెప్ప మామూలు మనిషి కాదు. ముప్పై ఎకరాల మెట్ట, రెండు బావులు, ఒక ఎలక్ట్రిక్ గిటారు గల కుటుంబం ఆయనది. వెనక గిటార్లు వాయించడానికి బెంగుళూరు నుంచి ఇద్దరు వచ్చేవారు. డ్రమ్ములు కొట్టేది హనుమంతు. పంచాయతీ సమితి ఆఫీసులో అటెండరు. పాట కట్టేదీ, దానికి వరస పెట్టేదీ, గొంతు ఎక్కడ ఎత్తాలో ఎక్కడ దించాలో రెడ్డెప్పకు నేర్పేదీ హనుమంతే. కృతజ్ఞతగా వాల్‌పోస్టరు మీద అతని పేరు కూడా వేసేవారు. ‘అండ్ పార్టీ’ అనే రెండు మాటల్లో అతను ఉండేవాడు.

ఇద్దరూ మంచి స్నేహితులు. బెంగుళూరులో కచేరీకి పోతే ఒకే ప్లేటులో తినేవారు. మదనపల్లె బస్టాండులో దిగగానే హనుమంతు గ్లాసు వేరయ్యేది. దీన్ని ఇద్దరూ ప్రయాణ బడలికలాగే భరించారు.

శవయాత్ర రోజున మదనపల్లె అభిమాన సంఘం అధ్యక్షుడు గంగాధరం హనుమంతును పక్కకు పిలిచాడు. గంగాధరం ఆ జనవరి దాకా గ్రామ మునసబు. తాత మునసబు, తండ్రి మునసబు, తనూ మునసబు. ప్రభుత్వం ఒక్క కాగితంతో వంశపారంపర్య ఉద్యోగాలన్నీ రద్దు చేసేసరికి, అధికారం చేయడానికి ఆయనకు అభిమాన సంఘం ఒక్కటే మిగిలింది.

“ఒరే హనుమంతూ, మీ నాయన గంగప్ప ఉండుంటే ఈ పొద్దు శవం ముందర పలక డప్పు ఎవురు కొట్టాల? నువ్వెట్లాగూ దరువేసే వాడివే. అదీ దరువే, ఇదీ దరువే. తేడా ఏముండాది?”

“తేడా లేదంటాండావు గదయ్యా. అయితే పోయి నా డ్రమ్ములే తెచ్చుకుంటా.”

“సావు కాడ డ్రమ్ములేందిరా. మర్యాద ఉండొద్దా?”

హనుమంతు పలక కొట్టాడు. గంగాధరం చెప్పినందుకు కాదు. పోయింది రెడ్డెప్ప గనుక కొట్టాడు. ఆ దారిలోనే అతనికి ఒక పాట పుట్టింది. ‘పోయినోడా, నీ పక్కన నాకు రవ్వంత చోటు పెట్టి పోకపోతివే’ అని మొదలయ్యే పాట. పన్నెండేళ్లలో తను కట్టినవన్నీ రెడ్డెప్ప నోటికి ఇచ్చాడు. ఈ ఒక్కటి జనం ముందర నిలబడి, తన మొహంతో, తన గొంతుతో పాడాలని అతనికి ఆశ కలిగింది. ఈ ఆశ చట్టవిరుద్ధం కాదని సమితి ఆఫీసులో విచారించి తెలుసుకున్నాడు కూడా.

కర్మాంతరం భోజనాలయ్యాక మదనపల్లె సంఘం సమావేశమైంది. గంగాధరం లేచి మాట్లాడాడు.

“సోదర అభిమానులారా, ఒక ఇంటి పెద్ద పోతే ఆ ఇంట్లో వాళ్లే తలపాగా కట్టుకుంటారు. బజారులో పోయేవాడికి కట్టం. గవర్నమెంటు మునసబుల్ని తీసేసింది, దేశం ఏమైపోతాందో మీరే సూస్తాండారు. కనీసం సంగీతాన్నయినా కాపాడుకోవాల. రెడ్డెప్పకు తమ్ముడుండాడు. మునిరత్నం. అదే రక్తం, అదే ముక్కు. మైకు ఆ కుటుంబం సొత్తు.”

చప్పట్లు మోగాయి. మునిరత్నం పట్టుపురుగులు పెంచే రైతు. నెమ్మదస్తుడు. ఎవరి జోలికీ, ముఖ్యంగా పాటల జోలికి పోయినవాడు కాదు. అయినా ప్రజలు కోరినందున గొంతు విప్పాడు. తరువాత మూశాడు. మధ్యలో జరిగినదాన్ని మినిట్సు పుస్తకంలో ‘గానం’ అని రాసుకున్నారు.

అప్పుడు తలుపు సందులోంచి రెడ్డెప్ప భార్య శాంతకుమారి మాట్లాడింది. “ఆయప్ప పోయే ముందు నాతో చెప్పినాడు. పాటలన్నీ హనుమంతన్నవే, ఇంక మీదట ఆయనే పాడల్ల అని.”

“అమ్మా శాంతా, నువ్వు తిని మూడు దినాలాయ. లోపలికి పోయి పండుకోమ్మా,” అన్నాడు గంగాధరం ఎంతో దయగా. మృతుని భార్య దుఃఖంలో ఉన్నందున, హనుమంతును అన్నా అని పిలవడం ద్వారా ఆ దుఃఖం తీవ్రత కూడా రుజువైనందున, ఆమె మాటలు పరిగణనలోకి తీసుకోరాదని తీర్మానించారు. మృతుని కోరిక ఏమిటో మృతుని భార్య కంటే మృతుని అభిమానులకే బాగా తెలుసని పెద్దలు గుర్తుచేశారు.

మునిరత్నం ఇంటికి పోయి సాధన మొదలుపెట్టాడు. రెండో రోజుకే పట్టుపురుగులు మల్బరీ ఆకు మేయడం మానేశాయి. పురుగులు సంఘంలో సభ్యులు కావు గనుక వాటి అభిప్రాయం నమోదు కాలేదు.

పుంగనూరు అభిమానులు ఈ నిర్ణయాన్ని తీవ్రంగా ఖండించారు. అక్కడి అధ్యక్షుడు వెంకటేశులు టైలరు. రెడ్డెప్ప కచేరీలకు వేసుకునే నల్లకోటు, దాని మీద జరీ నక్షత్రాలు ఆయన చేతి పనే. వెంకటేశులు వాదన శాస్త్రీయమైనది. గొంతును ఎట్లాగైనా సర్దుకోవచ్చు. నక్షత్రాల కోటును మాత్రం విప్పి కుట్టడం కుదరదు. కాబట్టి కోటు ఎవరికి సరిపోతే వాడే గాయకుడు. దండోరా వేసి, పదకొండు మంది యువకులకు టేపు పెట్టి కొలిచారు. అందులో ఒకతనికి పుట్టుకతోనే నత్తి. భుజాలు సరిపోయినందున అతన్ని తుది జాబితాలో ఉంచారు.

హనుమంతు కూడా పోయి వరసలో నిలబడ్డాడు. వెంకటేశులు టేపు మెడలో వేసుకున్నాడు. హనుమంతుకు ఎప్పుడు చొక్కా కుట్టినా పాత చొక్కా బల్ల మీద పెట్టించి, దాన్ని చూసే కొలత తీసేవాడు. మనిషిని ముట్టి కొలిచే పద్ధతి ఆ షాపులో కొంతమందికే ఉండేది.

“నీకు టేపెందుకులే అప్పా. సూస్తేనే తెలస్తాంది, కోటు పొడుగయిపోతాది.”

“కోటు పాడతాదా అన్నా?”

“కోటు లేనోడు పాడితే ఎవురింటారప్పా?” అన్నాడు వెంకటేశులు. ఆయన వెటకారంగా అనలేదు. ఇరవై ఏళ్ల వృత్తి అనుభవంతో అన్నాడు.

కుప్పం అభిమానులు ఈ రెండు ఊళ్ల సంకుచితత్వాన్ని చూసి బాధపడ్డారు. మూడు రాష్ట్రాల సరిహద్దులో ఉన్నవారు గనుక వాళ్ల దృష్టి విశాలం. అధ్యక్షుడు బైరప్పకు గ్రానైటు క్వారీ ఉంది. అసలు కొత్త గాయకుడే వద్దని ఆయన ప్రకటించాడు. బతికున్న గాయకుడికి జలుబు చేస్తుంది, అలుగుతాడు, ముసలివాడవుతాడు. రాతి విగ్రహానికి ఆ ఇబ్బందులు లేవు. విగ్రహం చెక్కించి మైకు ముందర నిలబెట్టి, వెనక క్యాసెట్టు వేస్తే చాలు. విగ్రహం తయారయ్యేలోపు, ఒక ఆదివారం మధ్యాహ్నం రైల్వే స్టేషను దగ్గర కుర్చీలో టేపురికార్డరు పెట్టి, పూలదండ వేసి సంతాప కచేరీ జరిపారు.

కరెంటు పోయింది. సెల్లులు వేశారు. అవి పాతవి. రెండో పాటకే రెడ్డెప్ప గొంతు సాగి సాగి, బావిలోంచి ఎద్దు పిలిచినట్టు వినపడసాగింది. ఆడవాళ్లు పైట చెంగులు కళ్లకు అడ్డం పెట్టుకున్నారు. మనల్ని వదిలిపోయిన దుఃఖంతో అన్న గొంతు బరువెక్కిందని బైరప్ప జనానికి వివరించాడు.

హనుమంతు కుప్పం బండెక్కి అక్కడికీ వచ్చి ఉన్నాడు. “అప్పా, సెల్లులు అయిపోయినాయి. మార్చండప్పా. ఈ పాట ఇట్లా ఉండదు.”

“పాట గురించి నీకేమి తెలుసయ్యా?” అన్నారు ముందు కూర్చున్నవాళ్లు. ఆ పాట కట్టింది తనేనని హనుమంతు చెప్పాడు. రెడ్డెప్ప చనిపోయాక ఇట్లా చెప్పుకునేవాళ్లు ఎక్కువైపోయారని నలుగురూ విచారం వ్యక్తం చేశారు.

ఇట్లా మూడు ఊళ్లూ మూడు దారుల్లో పోతుండగా, మే నెలలో మదనపల్లెలో సంస్మరణ కచేరీ పెట్టాల్సి వచ్చింది. మూడు సంఘాలూ ఉమ్మడిగా కూర్చుని ఒక పరిష్కారం కనుక్కున్నాయి. మదనపల్లె వారి గౌరవార్థం మైకు ముందర మునిరత్నం నిలబడతాడు. పుంగనూరు వారి తృప్తి కోసం నక్షత్రాల కోటు వేసుకుంటాడు. కుప్పం వారి మనోభావాల దృష్ట్యా నిలబడిన చోటు నుంచి కదలడు, నోరు మాత్రం ఆడిస్తాడు. పాట ఎవరు పాడతారన్నది చివరి అంశం. సమయం చాలనందున దాన్ని గంగాధరానికి వదిలేశారు.

గంగాధరం సమితి ఆఫీసుకు స్వయంగా పోయాడు.

“తెర వెనకాల కూర్చోని నువ్వు పాడల్ల. గొంతు నీదేలేరా. నోరే వేరే.”

“నేను ముందర నిలబడి పాడితే ఏమయితాదయ్యా?”

“ఏమీ కాదు. నాకైతే అభ్యంతరమే లేదు. జనం ఒప్పుకోరు.” జనం అనే ఈ మనిషి ఇంతవరకూ ఎవరికీ కనపడలేదు గానీ, అడ్డు చెప్పాల్సిన చోటికల్లా ముందే వచ్చి కూర్చుంటాడు. “ఒక పని చేస్తా. ఆఖరు పాట నీది. నువ్వు కొత్తగా కట్టినావంట గదా, అదే పాడు. అప్పుడు తెర ఎత్తిస్తా. నీ పేరు నేనే మైకులో చెప్తా.”

హనుమంతు ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడం తప్పని మీరు అనొచ్చు. పన్నెండేళ్లు ‘అండ్ పార్టీ’లో ఉండి చూసి, తరువాత అనండి.

ఆదివారం సాయంత్రం ఐదింటికి కచేరీ మొదలైంది. ముందర ఎనిమిది వరసలు కుర్చీలు. అవి సంఘాల సభ్యులకు, ఉద్యోగస్తులకు, కుర్చీ అలవాటున్న వారికి. వెనక నేల. నేల మీద శనగకాయల మిల్లు కూలీలు, వాళ్లతో పాటు హనుమంతు తల్లి ఎల్లమ్మ. కొడుకును జనం ముందర చూద్దామని ఆమె మిల్లులో చెప్పి ఇంకో పదిమందిని వెంటబెట్టుకుని వచ్చింది.

కచేరీ దిగ్విజయంగా సాగింది. తెర వెనక హనుమంతు పాడాడు. ముందర మునిరత్నం నోరు ఆడించాడు. పాట అయిపోయాక కూడా ఆయన నోరు కొంతదూరం పోయి ఆగేది. దాన్ని కొత్త శైలి అన్నారు.

“రెడ్డెప్పే దిగొచ్చినట్టుండాది.”

“రక్తం అంటే రక్తమే అప్పా. నేర్పితే వచ్చేదా ఇది?”

“మన హనుమంతు ఉండాడే, వాడూ పాడతానని తిరగతా వుణ్ణె. ఈ గొంతు ముందర వాడెంత?”

ఇవన్నీ తెర వెనక్కి స్పష్టంగా వినపడ్డాయి. హనుమంతు ఆరు పాటలు పాడాడు. ఏడోది తనది. గంగాధరం మైకు దగ్గరికి వచ్చి, తెర వెనక కష్టపడిన పార్టీ అంతటికీ కృతజ్ఞతలు అని చెప్పాడు. అంతే చెప్పాడు. హనుమంతు తెర పక్కకు వచ్చి పిలిచాడు.

“అయ్యా, తెర.”

“ఈ పొద్దు వద్దులేరా. జనం మంచి దుఃఖంలో ఉండారు. ఇప్పుడు నువ్వు కనపడితే చెడిపోతాది.”

గిటార్లు మొదలయ్యాయి. హనుమంతు వెనక్కి వచ్చి కూర్చున్నాడు. ‘పోయినోడా, నీ పక్కన నాకు రవ్వంత చోటు’ దాకా పాడాడు. అక్కడ ఆపి, మైకు కింద పెట్టాడు. లేచి తెర వెనక మెట్లు దిగిపోయాడు.

గిటార్లు మోగుతూనే ఉన్నాయి. మునిరత్నం భావావేశంతో ఆకాశం వైపు చూస్తున్నందున ఏమీ గమనించలేదు. నోరు ఆడిస్తూనే ఉన్నాడు. సభలో ఏ గందరగోళమూ జరగలేదు. మొదటి వరసలో వెంకటేశులు కళ్లు తుడుచుకున్నాడు. బైరప్ప తల ఊపుతూ తాళం వేశాడు. చరణం ఎక్కడ అయిపోయిందో గంగాధరానికి ఎట్లా తెలిసిందో గానీ, సరిగ్గా ఒక చోట చప్పట్లు కొట్టాడు. ఎనిమిది వరసలూ కొట్టాయి. అన్ని పాటల్లోకీ ఇదే గొప్పగా ఉందన్నారు.

వెనక నేల మీద మాత్రం గొణుగుడు మొదలైంది.

“ఏందిమే, పాట యాడికి పాయె?”

“వాడు ఒట్టి నోరు ఆడిస్తాండాడు సూడు.”

పాట జరుగుతుండగా మాట్లాడరాదని వాలంటీర్లు వచ్చి వాళ్లను హెచ్చరించారు.

హనుమంతు చుట్టు తిరిగి వచ్చి తల్లి పక్కన నేల మీద కూర్చున్నాడు. ఎల్లమ్మ అతని వైపు చూడకుండానే అడిగింది.

“యాల నిలిపేస్తివిరా?”

“తెర ఎత్తలేదు మా.”

“ఈడ తెర యాడుండాది? పాడు.”

హనుమంతు పాడాడు. మైకు లేదు. కోటు లేదు. ఆగిన చోటి నుంచి అందుకుని, ఇంకా మోగుతున్న గిటార్ల తాళానికి సరిగ్గా కలిపి, గొంతెత్తి పాడాడు. మిల్లు కూలీలు అతని వైపు తిరిగి కూర్చున్నారు.

ముందర ఎనిమిది వరసల్లో కదలిక వచ్చింది. చాలామంది కుర్చీల్లోంచి వెనక్కి తిరిగి, వేలు పెదాల మీద పెట్టి, ష్, పాట వినపడడం లేదు అని కోప్పడ్డారు. మూడో వరసలో నాలుగో కుర్చీ మీది. అందరికంటే గట్టిగా కోప్పడింది మీరే.