కిలోకి ఒక కిలోమీటరు

కళ్ళజోళ్ళ షాపాయన కరెంటు కారు కొని నెలయింది. నెలంతా ఆయనకి ఒకటే కల. తోడల్లుడి ఇంటి గేటు ముందు ఆ కారుని తన చేత్తో ఆపాలి, దారిలో ఎక్కడా ఛార్జింగ్ పెట్టకుండా వచ్చానని చెప్పాలి, అప్పుడు తోడల్లుడి మొహం చూడాలి. పెట్రోలు బంకు నడిపే ఆ పెద్దమనిషి "ఇది మీ వీధి చివరిదాకా అయినా వెళ్తుందా?" అని అందరి ముందూ అడిగినప్పటినుంచి ఈయనకి ముద్ద దిగడం లేదు.

తోడల్లుడి ఊరు రెండువందల యాభై కిలోమీటర్లు. కారు ఒక్క ఛార్జింగుతో మూడువందల యాభై పోతుంది. అంతా బాగానే ఉంది, భార్య మేనత్త తనూ వస్తాననేదాకా.

మేనత్త మంచి మనిషే. కాకపోతే బండెక్కింది మొదలు దిగేదాకా మాట్లాడుతుంది. మధ్యమధ్యలో "ఏమంటావ్ అల్లుడూ?" అని పరీక్ష కూడా పెడుతుంది.

"మీ అత్త వస్తే రేంజ్ చాలదే," అన్నాడాయన భార్యతో, దిగులుగా.

"రేంజంటే?"

"బండి వెళ్ళగలిగే దూరం. మనిద్దరికైతే సరిగ్గా సరిపోతుంది. మూడో మనిషి ఎక్కితే కిలోకి ఒక కిలోమీటరు చొప్పున తగ్గుతుంది. నడిరోడ్డు మీద నిలబడాలి."

ఈ సూత్రాన్ని ఆయన ఆ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ కనిపెట్టాడు.

భార్య పనిచేసేది పార్సిల్ ఆఫీసులో. ఏ సంగతైనా తూకం వేస్తేగానీ ఆవిడకి నమ్మకం కుదరదు. "అయితే తూచేద్దాం," అంది.

"ఎవర్ని?"

"అందర్నీ."

పని ఇంత తేలిగ్గా అవుతుందని ఆయన అనుకోలేదు. లోలోపల తెగ మురిసిపోయాడు.

ప్రయాణం రోజు హాల్లోకి తూకం మిషను వచ్చింది. మేనత్త సంచీతో సహా ఎక్కింది. నలభై ఆరు. ఆయన చెప్పులు విడిచి, జేబులో కారు తాళాలు తీసి పక్కన పెట్టి, ఊపిరి బిగబట్టి ఎక్కాడు. తొంభై తొమ్మిది.

"ఊపిరి వదిలేయండి, దానికి బరువుండదు," అంది భార్య. "సరే, ఎవరో ఒకరు ఆగాలి. అత్త ఆగితే నలభై ఆరు కిలోమీటర్లు కలిసొస్తాయి. మీరు ఆగితే తొంభై తొమ్మిది. మా ఆఫీసులో అయితే పెద్ద పార్సిలే ముందు దించుతాం."

"నేను దిగితే బండెవరు నడుపుతారే?"

"నేను. లైసెన్సు మీకన్నా ముందు నాకే వచ్చింది."

నిజం చెప్తే సీటు దక్కుతుంది. కానీ మేనత్త ఎదురుగానే ఉంది. నిన్ను వదిలించుకోవడానికే ఇలా అన్నానని ఏ మొహం పెట్టుకుని చెప్తాడు?

"అసలు అంత తగ్గదేమోలే..." అని నసిగాడు.

"మీరే కదండీ చెప్పారు!" భార్య తాళాలు అందుకుంది.

"పాపం, మనకోసం అల్లుడు బస్సులో వస్తున్నాడే," అని మేనత్త కళ్ళొత్తుకుంది. దాంతో ఆయన చెప్పులేసుకుని బస్టాండుకి బయల్దేరాడు.

దారిలో ఆయన కారే ఆయన బస్సుని చప్పుడు లేకుండా దాటిపోయింది. లోపల్నుంచి మేనత్త చెయ్యి ఊపింది. ఆయనా ఊపాడు. నిజంగానే ఏడుపొచ్చింది.

బస్టాండుకి తోడల్లుడు ఎదురొచ్చాడు, అదీ ఆ కారులోనే, తనే నడుపుకుంటూ. వెనక సీట్లో భార్యా, మేనత్తా.

"భలే బండయ్యా నీది! దారిలో ఎక్కడా ఆగలేదట. ఇంకా వంద కిలోమీటర్లు పోతానంటోంది," అన్నాడు తోడల్లుడు. నెలరోజులుగా ఎదురుచూసిన మొహం అదే. "ఇంతకీ నువ్వు బస్సులో ఎందుకొచ్చావ్?"

వెనక సీట్లో మాటలు ఆగిపోయాయి. బండి చాలదంటే తోడల్లుడి ముందు పరువు పోతుంది. చాలుతుందంటే మేనత్త ముందు పోతుంది.

"నాకు బస్సు ప్రయాణమంటే ఇష్టం," అన్నాడాయన.

"అయ్యో, ముందే చెప్పొద్దూ!" భార్య ఫోను తీసింది. "ఉండండి, తిరుగు ప్రయాణానికి కూడా మీకు టికెట్ తీసేస్తా."

"కిటికీ పక్కన తియ్యవే," అంది మేనత్త, "పాపం, అంత ఇష్టపడుతున్నాడు."