పసుపు పెట్టిన ఫ్లాపీ

ఆ శనివారం ఉదయం భాస్కరం పెట్టుకున్న పని చిన్నదే. కాఫీ పూర్తయ్యేలోగా ఇంట్లో కంప్యూటర్ని శుభ్రం చెయ్యాలి. పదకొండింటికి కూతురు కౌముది శుభలేఖను అమ్మిరాజు ప్రెస్సులో ఇచ్చి రావాలి. ఒంటిగంటకి భోజనానికి కూర్చోవాలి. రాజమండ్రిలో పాతికేళ్ళుగా పిల్లలకు ఫిజిక్సు చెబుతున్న మనిషికి ఇదేమంత పెద్ద లెక్క కాదు.

కంప్యూటర్ కొని రెండేళ్ళయింది. తెర మీద బొమ్మలు కార్తీక సోమవారం నాడు పుష్కరాల రేవులో జనంలా కిక్కిరిసి ఉన్నాయి. వాటిలో సగం శుభలేఖలే. 'కార్డు', 'కొత్త కార్డు', 'ఆఖరి కార్డు', 'అక్కయ్య చెప్పిన ఆఖరి కార్డు', 'మణిశంకర్ చెప్పిన ఆఖరి కార్డు'... ఇలా పదమూడు. ఆహ్వానించేవాళ్ళలో ముందు పేరు పిల్ల మేనత్త రత్నమాణిక్యానిదా, మేనమామ మణిశంకర్‌దా అన్న సంగతి మూడు వారాలు నలిగింది. చివరికి రెండు పేర్లూ ఒకే వరసలో పక్కపక్కన వెయ్యాలని రాజీ కుదిరింది. ఎడమవైపు ఎవరు, కుడివైపు ఎవరు అన్నది తేలడానికి మరో నాలుగు రోజులు పట్టింది. ఆ రాజీ మొత్తం పద్నాలుగో ఫైల్లో ఉంది.

"అరిగిపోయిన చీపుళ్ళన్నీ ఇంట్లో దాచుకుంటామా?" అనుకుంటూ భాస్కరం పదమూడు ఫైళ్ళూ తీసేశాడు. పద్నాలుగోదాన్ని ఫ్లాపీలోకి ఎక్కించి, కంప్యూటర్లోంచి దాన్నీ తీసేశాడు. ఒక వస్తువు ఒక్కచోటే ఉండాలన్నది అతని సిద్ధాంతం. ఆపైన చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. ఏడాదిగా కనబడకుండా పోయిన నీలాకాశం తెర మీద బయటపడింది. దాన్ని చూస్తూ మిగిలిన కాఫీ తాగాడు. ఆ రెండు నిమిషాలూ అతను నిజంగా సుఖపడ్డాడు.

చొక్కా వేసుకుని వచ్చేసరికి హైమవతి ఫ్లాపీకి నాలుగు మూలలా తడి పసుపు దట్టంగా రాసి, పళ్ళెంలో పెట్టి ఉంచింది.

"ఇదేంటి హైమా!"

"శుభలేఖ గడప దాటుతోందండీ. పసుపు లేకుండా పంపిస్తానా?"

"కార్డులు అచ్చయ్యాక కదా రాసేది?"

"అప్పుడూ రాస్తాను. ముందు గడప దాటేది ఇదే కదా!"

తర్కానికి లొంగే మనిషి కావడంతో భాస్కరం ఫ్లాపీని ఓ కవర్లో పెట్టుకున్నాడు. పసుపు మూలలకే ఉంది కనక లోపలి సరుక్కి ఏమీ కాదని తనకి తనే పాఠం చెప్పుకుని స్కూటర్ ఎక్కాడు.

"సరిగ్గా వచ్చారండి మాస్టారూ!" అన్నాడు అమ్మిరాజు. "రెండింటికి కాలేజీ మ్యాగజైను మిషనెక్కిస్తున్నానండి. మరి పది రోజులదాకా ఖాళీ ఉండదు. మీది ముందు లాగించేద్దాం."

పెళ్ళి పదహారు రోజుల్లో ఉంది. భాస్కరం కృతజ్ఞతగా కవరందించాడు. అమ్మిరాజు అందులోంచి ఫ్లాపీ తీసి, గోడమీది గడియారం వంక చూస్తూనే తన కంప్యూటర్లోకి దూర్చాడు. కంప్యూటర్ ముందు గురక పెట్టింది, తర్వాత దగ్గింది, ఆ తర్వాత ఊరుకుంది. బటన్ నొక్కితే ఫ్లాపీ రాలేదు. ఇద్దరూ కలిసి గంటన్నరసేపు పట్టకారుతో లాగితే ఓ రేకూ, విరిగిన ప్లాస్టిక్ ముక్కలూ, బోలెడు పసుపూ బయటికి వచ్చాయి.

"ఏంటండీ ఇది! మీరిచ్చింది ఫ్లాపీయా, పులిహోరా?"

"మూలలకే రాసిందండీ..."

"పోనివ్వండి. ఇంటి దగ్గర కంప్యూటర్లో ఉంటది కదండీ?"

"లేదండీ. శుభ్రం చేశాను."

ఆ మాటని అతను సిగ్గుపడుతూ అనడం జీవితంలో అదే మొదటిసారి.

"అయితే కాయితం మీద రాసిచ్చెయ్యండి. నేనే కొట్టేస్తాను."

ముహూర్తం, వధూవరులు, తల్లిదండ్రులు, కల్యాణమండపం... అన్నీ చకచకా రాసుకొచ్చిన కలం ఆహ్వానించేవాళ్ళ దగ్గర ఆగిపోయింది. ఎడమవైపు ఎవరు? భాస్కరం ప్రెస్సులోంచే ఇంటికి ఫోన్ చేశాడు.

"హైమా, కంప్యూటర్లో కార్డు పోయింది. ఎడమవైపు అక్కయ్యే కదూ?"

"మా తమ్ముడండీ."

"కాదేమో!"

"తెలిసినవారు మరి నన్నెందుకు అడిగారు?"

హైమవతి న్యాయం తెలిసిన మనిషి. తన జ్ఞాపకం తన పుట్టింటివైపు మొగ్గుతోందేమోనని ఆడపడుచుకి ఫోన్ చేసింది. "వదినగారూ, కంప్యూటర్లో కార్డు పోయిందిట. మీ పేరు ఎటుపక్క వెయ్యాలనుకున్నాం?" ఇంత కష్టపడి తేల్చుకున్నది మళ్ళీ అడుగుతున్నారంటే రాజీని తిరగదోడుతున్నారనే రత్నమాణిక్యం అర్థం చేసుకుంది. "ఏ ప్రెస్సమ్మా?" అని మాత్రం అడిగింది. తర్వాత హైమవతి నోట అదే ప్రశ్న విన్న మణిశంకర్‌కి కూడా అదే అనుమానం వచ్చింది.

అరగంటలో ప్రెస్సు ముందు రెండు ఆటోలు ఆగాయి.

"బావగారూ! నన్ను కుడివైపుకి నెట్టేస్తున్నారంటగా?" అన్నాడు మణిశంకర్ గుమ్మంలోంచే.

"నిన్ను నెట్టేదెవరయ్యా, నన్ను నెట్టేస్తుంటేనూ!" అంది వెనకాలే వచ్చిన రత్నమాణిక్యం. "ఒరేయ్ భాస్కరం, కంప్యూటర్ మీద నెపం పెడితే నమ్ముతాననుకున్నావా?"

భాస్కరం స్టూలు మీంచి లేచాడు. ఫ్లాపీ లాగిన చేతుల్తోనే ఇందాకట్నించీ చెమట తుడుచుకుంటున్నాడు. నుదురూ, బుగ్గలూ, ముక్కూ పచ్చగా, నలుగు పెట్టించుకుంటున్న పెళ్ళికొడుకులా ఉన్నాడు. రత్నమాణిక్యం నవ్వు ఆపుకోవాలని చూసింది. కుదరలేదు. మణిశంకర్ గోడవైపు తిరిగాడు, అతని భుజాలు కదులుతున్నాయి.

"పెళ్ళి పిల్లకా, నీకా?" అంటూ ఆవిడ దగ్గరికొచ్చి కొంగుతో తమ్ముడి బుగ్గలు తుడిచింది. "పొద్దున్నించీ ఏమన్నా తిన్నావా?"

"కాఫీ తాగాను."

ఆ ఒక్క మాటతో ఆవిడ కోపం కాస్తా కరిగిపోయింది. "నా పేరు గొడవలో వీణ్ణి తిండి లేకుండా చేశాం. అమ్మిరాజుగారూ, మణిశంకర్ పేరే ఎడమవైపు వెయ్యండి."

"అదేం మాట వదినగారూ! పెద్దవారు. ఎడమవైపు మీరే ఉండాలి."

"నేను చెబుతున్నానుగా, నువ్వే!"

"నా పేరు అటు వేస్తే నేను పెళ్ళికి రానండి."

"నువ్వు రాకపోతే నేను మాత్రం వస్తానా?"

మూడు వారాల తగాదా తలకిందులై, అంతే గొంతుతో మళ్ళీ మొదలైంది. గడియారం రెండుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. అమ్మిరాజు ఎవర్నీ ఏమీ అడగలేదు. టకటకా కొట్టి, ఓ కాయితం అచ్చు తీసి ఇద్దరి మధ్యా పెట్టాడు. తల్లిదండ్రుల పేర్ల కింద 'బంధుమిత్రుల అభినందనలతో' అని ఒక్క వరస ఉంది. ఎవరి పేరూ లేదు.

ఇద్దరూ పైనించి కిందికి చదివారు, మళ్ళీ చదివారు. ఎదుటివాళ్ళ పేరు కూడా లేదని నిర్ధారణ అయ్యాక, "కార్డు చూడ్డానికి హాయిగా ఉంది" అంది రత్నమాణిక్యం. మణిశంకర్ తలూపాడు. తర్వాత చెరోపక్కా భాస్కరం చెయ్యి పట్టుకుని, ఎదురుగా ఉన్న హోటల్‌కి భోజనానికి లాక్కుపోయారు.

కార్డులు అనుకున్న రోజుకే వచ్చాయి. అడుగున అమ్మిరాజు ప్రెస్సు పేరు మాత్రం, పోటీకి వచ్చేవాళ్ళెవరూ లేకపోవడంతో, పెళ్ళికొడుకు పేరుకన్నా కాస్త పెద్ద అక్షరాల్లో పడింది.