కరుణాకర్ బొంద

మానవ నాగరికతను అధ్యయన సౌలభ్యం కోసం ప్రభుత్వం రెండు ముక్కలు చేసింది. మట్టి కింద ఉన్నదంతా గతకాల శాఖది, మట్టి మీద తిరిగేదంతా వర్తమాన మానవుల శాఖది. (మట్టిలో సగం దిగబడ్డవాటి కోసం ఒక కమిటీ వేశారు. ఆ కమిటీదీ ప్రస్తుతం అదే పరిస్థితి.)

ఈ ఏర్పాటు సంగతి లక్సెట్టిపేట పక్క ఊళ్లో ఉండే కరుణాకర్‌కు తెలియదు. అతని భార్య అమూల్యకు ఏడో నెల. ఇంట్లో మరుగుదొడ్డి లేదు. చెంబు పట్టుకుని చేన్లలోకి నడిచే ఓపిక ఆమెకు లేదు.

"గుంత తవ్వుతవా, నన్ను మా అవ్వగారింటికి తోలుతవా?" అని అడిగింది. కరుణాకర్ గడ్డపార తీసుకుని పెరట్లోకి పోయాడు.

నడుంలోతు తవ్వేసరికి మూతపెట్టిన కుండ ఒకటి తగిలింది. లంకెబిందె దొరికిందనుకుని గడ్డపార పక్కన పడేశాడు. మూత తీస్తే ఒట్టి మన్ను. పడ్డ కష్టం ఊరికే పోనివ్వడం ఎందుకని ఫోటో తీసి, "మా పూర్వీకుల కుండ, మూడు వేల ఏండ్ల నాటిది" అని వాట్సాప్‌లో పెట్టాడు. ఆ లెక్క ఎక్కడిదంటే, వేలికి అందింది, కొట్టాడు.

మర్నాడే గతకాల శాఖ జీపు వాకిట్లో ఆగింది. సహాయ సంచాలకులు భానుప్రసాద్ గారు కుండను చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. (శాఖలో దీన్నే శాస్త్రీయ పరీక్ష అంటారు.) అంతలో కరుణాకర్ తల్లి ఎల్లక్క పత్తి చేను నుంచి వచ్చి సంగతి విని నెత్తి కొట్టుకుంది.

"పూర్వీకులదారా, నీ బొంద. నువ్వు పుట్టిననాడు నీ వెంట పడ్డ మాయను ఉప్పు, పసుపేసి గీ కుండల పెట్టి మీ బాపు బొంద పెట్టిండు. దాన్ని లోకానికి సూపెడుతున్నవా?"

భానుప్రసాద్ గారు గబగబా రాసుకున్నారు. ఇది బొంద, అంటే సమాధి. ఎవరి బొంద అంటే కొడుకు బొంద. స్వయంగా తల్లే సాక్ష్యం. పెరడు చుట్టూ ముళ్లతీగ పడింది, తవ్వకం ఆగింది.

"సార్, నేను బతికే ఉన్న గద," అన్నాడు కరుణాకర్.

"అలా అయితే నువ్వు మా శాఖ పరిధిలోకి రావు. కరీంనగర్ వెళ్లి మాట్లాడుకో," అన్నారాయన జాలిగా.

కరీంనగర్‌లో వర్తమాన మానవుల శాఖ అధికారిణి సృజన గారు అతన్ని నిలబెట్టి, నడిపించి, దగ్గించి, బతికున్నట్టు తాత్కాలికంగా అంగీకరించారు. అయితే బతికున్నవారి జీవన విధానాన్ని చెదరనివ్వకూడదని నియమం ఉందట. చేన్లలోకి వెళ్లడం తరతరాలుగా వస్తున్న ఆచారం కనుక మరుగుదొడ్డికి అనుమతి కుదరదన్నారు.

"అది మీ సంస్కృతి కదండీ."

"సంస్కృతి కాదు మేడం, పరేషాని."

ఆవిడ ఆ మాటను మాండలిక పదకోశంలో చేర్చుకున్నారు.

ఇక్కడ అమూల్య నీళ్లు తాగడం తగ్గించేసింది. తాగితే చేన్లకు పోవాలి కదా. కాళ్లు వాచాయి. పరీక్ష చేయడానికి వచ్చిన నర్సు కరుణాకర్‌ను చెడామడా తిట్టింది. ఆ వాట్సాప్ ఫోటో తలుచుకుని అతను సిగ్గుతో చచ్చిపోయాడు. (గతకాల శాఖ వారికి ఇది తెలియనివ్వలేదు.)

చివరికి రెండు శాఖలూ రాజీపడి, ఇంటిని, పెరడిని, మనుషులను కలిపి 'సజీవ ప్రాచీన క్షేత్రం'గా ప్రకటించాయి. బస్సుల్లో జనం రాసాగారు. వాళ్ల సౌకర్యం కోసం, కరుణాకర్ తవ్విన గుంత మీదే, తెల్లటి టైల్స్, నల్లా నీళ్లతో మరుగుదొడ్డి కట్టారు. అమూల్యకు ప్రాణం లేచివచ్చింది. తొమ్మిదో నెల కడుపుతో మెల్లగా నడిచి వెళ్తే, తలుపు దగ్గర కాపలాదారు అంజి అడ్డం నిలబడ్డాడు.

"గిది మా పెరడే అన్నా," అంది అమూల్య.

"నాకెరుకే చెల్లె. కానీ గిది సూడ వచ్చినోళ్లకు. మిమ్ముల సూపెట్టే సామాన్ల లిస్టుల రాసిండ్రు."

అమూల్య వెనక్కి తిరిగి, చెంబు తీసుకుని చేన్ల వైపు నడిచింది. సందర్శకులు మర్యాదగా పక్కకు తప్పుకుని, ఫోటోలు తీసుకున్నారు.