నాలుగో మిస్‌డ్ కాల్

ఆ సోమవారం పొద్దున సిలార్ పెట్టుకున్న పని ఒక్కటే: మధ్యాహ్నంలోగా ఒక మనిషి గొంతు వినాలి.

గుంటూరు పొలిమేరలో కోల్డ్ స్టోరేజీ మేడమీద గది, ఒక కంప్యూటరు, ఒక సెల్‌ఫోను, సిలార్. మిరపకాయల ఎగుమతి వ్యవహారమంతా అక్కడినుంచే. కింద తొడిమలు తీసే ఆడవాళ్లు గలగలా మాట్లాడుకునేవారు. ఇతను మెట్లు దిగితే చాలు, ఇంగ్లీషు ఆఫీసరు వచ్చాడని నోళ్లు మూసేవారు.

ఈ తిప్పలు తను కొనితెచ్చుకున్నవే. కిందటి నెల యజమాని బుల్లయ్య గారు, సరుకు కొనే బయటిదేశాల మనుషులతో కబుర్లు నడిపే పద్ధతేదో తేల్చమన్నారు. హాంబర్గ్ క్లౌస్ ముందుగా రాతలో చెప్పనిదే ఫోనెత్తడు. కొలంబో నిమల్‌కి గంట మాట్లాడితే గానీ మాట్లాడినట్టుండదు. ఒసాకా మిచికో ఫోనులో అన్నిటికీ సరేనంటుంది, రెండ్రోజులకి కాదని మెయిలు రాస్తుంది. ఒకరి ఇంగ్లీషు ఇంకొకరికి అంతుపట్టదు.

సిలార్ మన నాటుమందు బయటికి తీశాడు. ఒక మిస్‌డ్ కాల్ అంటే సరుకు బయల్దేరింది. రెండంటే చేరింది. మూడంటే కొంప మునిగింది, వెంటనే ఫోన్ చెయ్. అందరూ ఎగిరి గంతేసి ఒప్పుకున్నారు. అప్పట్నుంచి ఫోను రోజంతా మోగేది, మోగినా ఎత్తకూడదన్నది రూలు. ఇంటికెళితే అద్దెగదిలోనూ మాట్లాడే దిక్కు లేదు. అతనికి ఏడుపొచ్చేంత ఒంటరిగా ఉండేది.

పదిన్నరకి ఉండబట్టలేక నిమల్‌కి మూడు మిస్‌డ్ కాల్స్ ఇచ్చాడు. ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

నిమల్ జాగ్రత్తపరుడు. ముందు రేవులో సరుకు దించడం ఆపించి, సిలార్‌కి చేసేముందు అందరినీ హెచ్చరించాలని క్లౌస్‌కి మూడు కొట్టాడు. క్లౌస్ నిద్రలోంచి లేచి మిచికోకి మూడు కొట్టాడు. మిచికో, పెద్దాయనకి చెప్పకపోతే మర్యాద కాదని, పర్చూరులో ఉన్న బుల్లయ్య గారికే కొట్టింది. ప్రపంచమంతా ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటోంది. సిలార్ ఫోను మాత్రం మోగలేదు.

పన్నెండున్నరకి బుల్లయ్య గారు రొప్పుతూ మెట్లెక్కారు. "ఏమయ్యా, ఎక్కడ తగలబడింది?"

"ఎక్కడా లేదండి."

"సరుకు తడిసిందా?"

"లేదండి."

"మరి మూడెందుకు కొట్టావయ్యా!"

ఉద్యోగం ఊడినట్టేనని సిలార్‌కి తెలిసిపోయింది. ఇంక అబద్ధమెందుకు? "ఊరికే కొట్టానండి. శుక్రవారం నుంచి ఎవరితోనూ మాట్లాడలేదండి."

బుల్లయ్య గారు కుర్చీలో కూలబడ్డారు. "ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్. స్పీకరు పెట్టు. నువ్వే చెప్పుకో."

క్లౌస్ ఎత్తాడు. "ప్రమాదం ఏమిటి?"

సిలార్ నోట్లోంచి వచ్చింది ఒక్కటే. "భోంచేశారా?"

"ఇంకా లేదు," అన్నాడు క్లౌస్. "నన్నెవరూ అడగరు."

మిచికో అయిందంది. నిమల్ చేపల కూరతో మొదలుపెట్టి పావుగంట ఆపలేదు. బుల్లయ్య గారే ఫోను లాక్కుని కట్టేశారు.

"ఉద్యోగం ఉంటుందిలే. కొత్త రూలు రాసుకో. నాలుగంటే ఊరికే, పలకరింపు. ఏ సరుకూ ఆపక్కర్లేదు."

మర్నాడు సరిగ్గా నాలుగింటికి క్లౌస్ నుంచి ఒకటి, రెండు, మూడు... నాలుగోది మోగింది. సిలార్ చెయ్యి ఫోను దాకా వెళ్లి ఆగిపోయింది. మిస్‌డ్ కాల్ ఎత్తకూడదన్న రూలు పెట్టింది తనే.