నీలం వదలని బుడ్డి

ఆదివారం పదకొండు గంటలకు అక్వేరియం క్లబ్బు అధ్యక్షుడు ఇంటికొచ్చి, పోటీకి పనికొస్తుందో లేదో చేపల తొట్టి చూస్తాడు. ఆలోపు కఠినజలం గారు చేయవలసింది ఒక్కటే: ఎనిమిదింటికి తొట్టిలోకి గ్యాసు విప్పి, చేతులు కట్టుకుని కూర్చోవడం. చేతులు కట్టుకుని కూర్చోవడం చేతనైన మనిషైతే ఈ కథే లేదు.

కఠినజలం అన్నది ఆయన అసలు పేరు కాదు. నీటి పరీక్షా కేంద్రంలో పాతికేళ్ళుగా ఊరందరి నీళ్ళలో సున్నం ఎంతుందో తేల్చేది ఆయనే. కింది ఉద్యోగులు వెనకాల అలా పిలుచుకుంటారు. ఆయన కోపం ఒక్కసారి చూసినవాళ్ళెవరికీ ఆ పేరు తప్పనిపించలేదు.

ఆ ఇంటి హాల్లో వెలుతురు పడేది కిటికీ ఉన్న గోడ దగ్గరే. రెండేళ్ళుగా అక్కడ ఒక పక్క ఆయన నాలుగడుగుల తొట్టి, ఇంకో పక్క ఆయన పేపరు చదువుకునే పడక్కుర్చీ తిష్ఠ వేశాయి. నీళ్ళ నిండా పచ్చటి మొక్కలు, మొక్కల మధ్య ముప్ఫై చిన్న చేపలు. తొట్టికి సొంత దీపం ఉంది మహానుభావా, అయినా వెలుతురున్న చోటే కావాలి! భార్యేమో బట్టలు కుడుతుంది. ఆవిడ మిషను వంటింటి తలుపు వెనక చీకట్లో పడి ఉంది. సూదిలో దారం ఎక్కించాలంటే పట్టపగలు బల్బు వెయ్యాలి. గొడవపడీ పడీ చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. తొట్టి పోటీకి ఎంపికైతే అక్కడే ఉంటుంది. కాకపోతే ఇల్లు దాటిపోతుంది, ఆ చోటు ఆవిడదవుతుంది.

తొట్టి లోపల అద్దానికి ఒక గాజు బుడ్డి వేలాడుతుంటుంది. అందులోని రంగునీళ్ళు తొట్టినీళ్ళతో కలవవు, తొట్టిలో గ్యాసు చాలకపోతే నీలంగా, సరిపోతే ఆకుపచ్చగా, ఎక్కువైతే పసుపుగా మారతాయి. ఆ కార్బన్ డయాక్సైడు మొక్కలకు తిండి. మోతాదు మించితే చేపలకు ఊపిరాడదు. అధ్యక్షుడి కంటికి మెరవాలని శనివారం సాయంత్రం ఆయనే బుడ్డిని తోమి, నీళ్ళు మార్చి, రంగు చుక్కలు వేసి వేలాడదీశాడు. ఇంకెవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు.

తొమ్మిదైంది. బుడ్డి నీలంగానే ఉంది.

"గ్యాసు ఎవరు ముట్టుకున్నారు?" ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"నేను ముట్టుకునేది పొయ్యి దగ్గర గ్యాసే. అదీ మీ టీ కోసం," అంది భార్య వంటింట్లోంచి.

పళ్ళు నూరుతూ గ్యాసు సిలిండరు మీట ఇంకాస్త తిప్పాడు. బుడగలు జోరందుకున్నాయి. తొమ్మిదిన్నరకీ అదే నీలం. ఒంగి తొట్టిలోకి చూస్తే మొక్కల వెనక రెండు పెద్ద గవ్వలు కనిపించాయి.

"అత్తయ్యగారూ! ఈ గవ్వలేంటి?"

"ఎవరో వస్తున్నారన్నావుగా నాయనా. కాస్త అందంగా ఉంటుందని రాత్రి వేశాను."

"అందమా! ఇది సున్నమండీ, సున్నం! నీళ్ళు గట్టిపడి చచ్చాయి, అందుకే రంగు మారట్లేదు!"

గవ్వల సున్నం కరగడానికి వారాలు పడుతుందని పాతికేళ్ళ అనుభవానికి తెలుసు. కోపానికి తెలీదు. గవ్వలు తీసి విసిరేశాడు. రెండు బకెట్ల తొట్టినీళ్ళు తోడి పారబోసి, వంటింట్లో ఫిల్టరు నీళ్ళన్నీ ఖాళీ చేసి అందులో గుమ్మరించాడు. ఆ నీళ్ళలో సున్నం చుక్క ఉండదు. పన్లో పనిగా మీట మరో చుట్టు తిప్పాడు.

"మాత్ర వేసుకోవాలి బాబూ, గుక్కెడు నీళ్ళుంచు," అంది అత్తగారు.

"మీ మాత్ర ముఖ్యమా, నా చేపలు ముఖ్యమా?"

"ఈ ప్రశ్న పెళ్ళికి ముందే అడగాల్సింది. మేమూ ఆలోచించుకునేవాళ్ళం," అని ఆవిడ మాత్ర పట్టుకుని పక్కింటికి నడిచింది.

పదింటికల్లా చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరవడం మొదలుపెట్టాయి. భార్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"ఏమండీ, వీటికి ఊపిరాడట్లేదు. గ్యాసు కట్టెయ్యండి."

"బుడ్డి నీలంగా ఉంటే ఊపిరాడకపోవడమేంటి? నీళ్ళ గురించి నాకు చెబుతావా? ఇప్పుడర్థమైంది. నువ్వే ఏదో చేశావ్. ఆ దిక్కుమాలిన మిషను కోసం నా చేపల్ని చంపుతున్నావ్!"

"ఆ మాట మళ్ళీ అనండి."

బుద్ధున్నవాడు అక్కడ ఆగుతాడు. ఈయన మళ్ళీ అన్నాడు. అని, కాదు, ఇది సిలిండరు నింపినవాడి మోసమని అప్పటికప్పుడు ఇంకో అనుమానం పుట్టి, చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే రెండు వీధుల అవతల ఉన్న షాపుకు పరిగెత్తాడు. మీట బార్లా తెరిచే ఉంది.

"బుడగలొస్తున్నాయాండీ?" అన్నాడు షాపతను.

"వస్తున్నాయి."

"మరి గ్యాసున్నట్టేగా?"

"నాకే ఎదురు ప్రశ్నలా!" అని షాపు నాలుగు మూలలా వినబడేలా తిట్టి, కొత్త సిలిండరు భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. మెట్ల దగ్గరే అధ్యక్షుడు ఎదురయ్యాడు. రిటైరైన కెమిస్ట్రీ మాస్టారు ఆయన, చేతిలో చిన్న పరీక్షల పెట్టె. ఇద్దరూ లోపలికి అడుగుపెట్టేసరికి గ్యాసు కట్టేసి ఉంది. భార్య స్టూలెక్కి నిలబడి, తొట్టిలో నీళ్ళు మగ్గుతో ముంచి ఎత్తునుంచి ధారగా అందులోకే పోస్తోంది. హాలంతా తడి.

"దొరికావ్! చూడండి సార్, కళ్ళారా చూడండి! నా తొట్టిని ఎలా నాశనం చేస్తోందో!"

మాస్టారు చేపల్ని చూశాడు. ఒక్కొక్కటే నోరు మూసి కిందికి దిగుతున్నాయి.

"ఆపకండమ్మా, అలాగే పొయ్యండి. గాలి కలుస్తోంది, విషం పోతోంది," అని బుడ్డి బయటికి తీశాడు. "ఇందులో ఏ నీళ్ళు పోశారు?"

"నీళ్ళే సార్. బుడ్డి కోసం అమ్మే కొలత నీళ్ళ సీసా అయిపోతే... కుళాయి నీళ్ళు."

మాస్టారు వంటింటి కుళాయి నీళ్ళు పట్టి, పెట్టెలోంచి సున్నం కొలిచే మందు తీసి, రంగు మారేదాకా చుక్కలు లెక్కపెట్టాడు. పద్దెనిమిది పడ్డాయి.

"బుడ్డిలో పోసే నీళ్ళకు నాలుగే పడాలి. ఇంత గట్టి నీళ్ళు పోస్తే చేపలన్నీ చచ్చి తేలినా ఈ బుడ్డి నీలంగానే ఉంటుంది. మీరెక్కడ పనిచేస్తారు?"

"నీటి పరీక్షా కేంద్రంలో."

"ఏ విభాగం?"

కఠినజలం గారు సిలిండరు నేలమీద దించాడు. "కాఠిన్యం సార్," అన్నాడు, తనకే వినబడనంత మెల్లగా.

మాస్టారు పెట్టె మూశాడు. "ఈ తొట్టిని పోటీకి తీసుకోలేను. ఏమనుకోకండి," అని వెళ్ళిపోయాడు.

కఠినజలం గారికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. పాతికేళ్ళలో మొదటిసారి భార్య ముందు గొంతు తగ్గించి, "మాటంటే మాటే. రేపే తొట్టి పంపించేస్తాను. నీ మిషను అక్కడ వేసుకో," అన్నాడు.

భార్య స్టూలు దిగింది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"ఎవర్ని పంపించేస్తారు? గంట నుంచి పోసీ పోసీ నా భుజం పడిపోయింది. ఒక్క చేప గడప దాటినా ఊరుకోను! నేను అడిగింది వెలుతురండీ, వీటి ప్రాణాలు కాదు. ఇన్నేళ్ళు కాపురం చేసి నన్ను హంతకురాల్ని చేశారు!"

"తప్పైపోయింది," అన్నాడాయన. ఆవిడ ఆ మాట విన్నట్టే లేదు. అప్పటికే కిటికీకి అటుపక్కనున్న ఆయన పడక్కుర్చీ చోటును టేపుతో కొలుస్తోంది.

ఇప్పుడు చేపలు హాయిగా ఈదుతున్నాయి, మిషను మంచి వెలుతుర్లో తిరుగుతోంది, కఠినజలం గారు ఆదివారం పేపరు నిలబడి చదువుకుంటున్నాడు.